అద్దె మేనేజర్ చేతికి వెళ్లాలా, నేరుగా ఓనర్ అకౌంట్‌కే రావాలా? (వైజాగ్ ఇల్లు, సలహా కావాలి)

ఎంవీపీ_ఇల్లు:
నమస్తే అండి. మాకు ఎంవీపీ కాలనీలో సొంతిల్లు ఉంది, కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. ఇన్నాళ్లూ అమ్మ పైన ఉంటూ కింది అద్దెలు తనే చూసుకునేది, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో నా దగ్గరికి హైదరాబాద్ వచ్చేసింది. తమ్ముడు డల్లాస్‌లో. ఇల్లు ముగ్గురి పేరునా ఉంది. మేనేజర్ని పెడదామని ఇద్దరితో మాట్లాడాం. ఒకాయన అద్దెలో 10 శాతం అంటున్నాడు, అద్దె, అడ్వాన్సు అన్నీ ఆయన అకౌంట్‌లోకే వెళ్తాయి, కమీషనూ రిపేర్లూ పట్టుకుని మిగతాది మాకేస్తాడు. రెండో ఆయన నెలకింతని ఫిక్స్‌డ్ ఫీజు, అద్దె మాత్రం మాకే నేరుగా. తమ్ముడు మొదటాయనే నయం, తలనొప్పంతా అతనే పడతాడు అంటాడు. నాకేమో మా డబ్బు వేరేవాళ్ల అకౌంట్ చుట్టూ తిరిగి రావడం అస్సలు ఇష్టం లేదు. దీని మీద ఇంట్లో రోజూ గొడవే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

సీతమ్మధార_ఓనర్:
మీ తమ్ముడు చెప్పిందే కరెక్టమ్మా. అద్దె వసూలు చేసేవాడి మాటే టెనెంట్ వింటాడు. డబ్బు నేరుగా మీకొచ్చేస్తే ఎవరేశారు ఎవరెయ్యలేదు అని 5వ తారీకు నుంచి మీరే ఫోన్ చూసుకోవాలి, మీరే ఫోన్లు చేసి అడగాలి, ఇంక మధ్యలో అతనెందుకు? పైగా శాతం మీద పనిచేసేవాడికి పోర్షన్ ఖాళీగా ఉంటే తన జేబుకీ చిల్లే కాబట్టి టూలెట్ బోర్డు కట్టేసి ఊరుకోడు, నలుగురికీ చెప్తాడు, ఫొటోలు పెడతాడు. ఫిక్స్‌డ్ తీసుకునేవాడికి ఇల్లు నిండినా ఖాళీగా ఉన్నా ఒకటే కదా. నా రెండు ఫ్లాట్లూ శాతం మీదే నడుస్తున్నాయి, అద్దె ఏ నెలా ఆగలేదు.

మధురవాడ_టెనెంట్:
అద్దెకుండేవాడి వైపు నుంచి కూడా ఒక మాట. మేం ఇంతకుముందు ఉన్న ఇంట్లో అంతా మేనేజర్ చేతుల మీదే. ఒకరోజు పొద్దున్నే మోటరు ఆన్ చేస్తే గుయ్‌మని మోత తప్ప నీళ్లు పైకి ఎక్కట్లేదు, సంపు నిండా నీళ్లున్నాయి, ట్యాంకు మాత్రం ఖాళీ, ఇంట్లో చంటిపిల్ల. ఆయనకి ఫోన్ చేస్తే ఓనర్ని అడగాలండీ అన్నాడు, ఓనర్ నంబరు మాకివ్వలేదు, రెండ్రోజులు టిన్నుల నీళ్లతో సరిపెట్టుకున్నాం. చివరికి మేమే మెకానిక్‌ని పిలిస్తే కెపాసిటర్ పోయిందన్నాడు, కొన్ని వందల రూపాయల పని! అంతకంటే బాధ ఏంటంటే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు. అది మేనేజర్ దగ్గరుంది, ఆయనేమో ఓనర్‌కి పంపేశానంటాడు, ఓనర్ నాకందలేదంటాడు, మధ్యలో మేం నెలల తరబడి తిరిగాం. అద్దె సంగతి మీ ఇష్టం, అడ్వాన్సు మాత్రం ఓనర్ దగ్గరే ఉండాలి.

జగదాంబ_ప్లీడర్:
పైన చెప్పిన అడ్వాన్సు గొడవకి చట్టంలో జవాబుంది. వసూలు చేసే అధికారం మీరు మేనేజర్‌కి ఇచ్చాక టెనెంట్ అతనికి కట్టినట్టు రుజువు చూపిస్తే మీకు కట్టినట్టే లెక్క. అతను ఆ డబ్బు మింగేస్తే నష్టం మీది, టెనెంట్‌ది కాదు. అడిగినప్పుడు లెక్క చెప్పాల్సిన బాధ్యత ఏజెంట్‌దే అని 1872 కాంట్రాక్టు చట్టం 213 సెక్షన్ చెప్తుంది, కానీ దానికోసం కోర్టుకెక్కి తిరిగే ఓపిక హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లకి ఎక్కడిది? పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తే జనరల్ పవర్ ఇవ్వకండి, అద్దెకివ్వడం, ఖాళీ చేయించడం, జీవీఎంసీ (వైజాగ్ కార్పొరేషన్) పన్ను, కరెంటు పనుల వరకే స్పెషల్ పవర్ రాయించండి, అమ్మడం, తాకట్టు అనే మాటలు అందులో కనపడకూడదు. ఇంకొకటి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరుందని ఎవరైనా చూపిస్తే ఆ ఒక్కదాన్నీ చూసి నమ్మేయకండి, అది ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్ల కోసం, అద్దె ఇల్లు బాగా చూస్తాడని సర్టిఫికెట్ కాదు.

రుషికొండ_ఎన్నారై:
టాక్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మీ తమ్ముడు ఎన్నారై అయితే అతని వాటా అద్దె ఎంత చిన్నదైనా టెనెంట్ టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కట్ చేయాలి, 30 శాతం, సెస్సుతో కలిపి 31.2. ఇది చాలామంది టెనెంట్లకి తెలీదు, కట్ చేయకపోతే డిపార్ట్‌మెంట్ వాళ్లు అడిగేది టెనెంట్‌నే. కాబట్టి ఇద్దరు మేనేజర్లనీ ఈ ఒక్క ప్రశ్న అడగండి, ఎవరు తడబడకుండా చెప్తారో చూడండి. అద్దె మేనేజర్ అకౌంట్‌లో కలిసిపోతే ఎవరి వాటా ఎంత, ఎంత కట్ అయింది అన్న లెక్క గందరగోళం అవుతుంది. నేరుగా అయితే తమ్ముడి వాటా అతని ఎన్‌ఆర్‌ఓ అకౌంట్‌లో (ఎన్నారైలకి ఇక్కడి ఆదాయం పడే బ్యాంకు ఖాతా) శుభ్రంగా పడుతుంది. ఇంకోటి, అద్దె ఆదాయంలో మీరు కట్టిన ఇంటిపన్ను పోగా మిగిలినదాని మీద 30 శాతం డిడక్షన్ ఇస్తారు, మేనేజర్ ఫీజు విడిగా చూపించి తగ్గించుకోవడం కుదరదు. జీఎస్టీ ఉన్న కంపెనీ అయితే ఫీజు మీద ఇంకో 18 శాతం. 20,000 అద్దెకి 10 శాతం అంటే 2,000 కాదు, 2,360 అని లెక్కేసుకోండి.

సీతమ్మధార_ఓనర్:
ఇవన్నీ సరే గానీ వైజాగ్‌లో ఇల్లు అంటే అద్దె ఒక్కటే కాదు కదండీ. ఎంవీపీ అంటే సముద్రం పక్కనే, ఉప్పుగాలికి గేటు బందుల దగ్గర్నుంచి ఏసీ అవుట్‌డోర్ దాకా అన్నీ తినేస్తుంది. బాల్కనీ కింద పెచ్చులు ఊడుతున్నాయంటే లోపల కమ్మి తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటుని తోసేస్తోందన్నమాట, తుప్పు గీకి కమ్మికి పూత పూసి అప్పుడు ప్యాచ్ వెయ్యాలి, మీరు ఊళ్లో లేరని తెలిస్తే దాని మీదే పుట్టీ పూసి రంగేసి బిల్లు పంపేస్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఇల్లేమైందో వెళ్లి చూసొచ్చే మనిషి ఉన్నవాళ్లే కాస్త ఊపిరి పీల్చుకున్నారు. అంత బాధ్యత మోసేవాడికి వసూలు అధికారం కూడా ఇవ్వాలనే నా మాట.

పీఎంపాలెం_కేర్‌టేకర్:
నేను ఇదే పని చేస్తాను కాబట్టి చెప్తున్నా. అద్దె ఓనర్‌కే నేరుగా వెళ్లడం మాకూ మంచిదే, నింద ఉండదు. కానీ ఏటంటే, ఓనర్లు అద్దె తీసేసుకుంటారు, ప్లంబర్‌కి 600 ఇవ్వమంటే మూడ్రోజులు మెసేజ్ చూడరు. ప్లంబర్ నన్నడుగుతాడు, నా జేబులోంచి ఇస్తాను. ఆ మోటరు కథలో జరిగింది కూడా అదే అయ్యుంటుంది, మేనేజర్ దగ్గర ఖర్చుపెట్టే అధికారం లేదు. నా ఓనర్ల దగ్గర 5,000 రిపేర్ల కోసం ముందే తీసుకుని ఉంచుతాను, 2,000 లోపు పనికి అడగను, చేయించేసి బిల్లూ ఫొటోలూ పంపుతాను, పని ముందు ఒకటి, సగంలో ఒకటి, అయ్యాక ఒకటి. పెచ్చుల పనికి సగంలో ఫొటోయే ముఖ్యం, కమ్మి కనపడాలి. ఖాళీ గురించి సీతమ్మధార సార్ అన్నది నిజమే, అందుకే ఇల్లు ఖాళీగా ఉన్న నెల నేను ఫీజు తీసుకోను.

ఎంవీపీ_ఇల్లు:
అందరికీ చాలా థాంక్స్ అండి, ప్రతి పోస్టూ తమ్ముడికి పంపాను. అడ్వాన్సు మా దగ్గరే అన్నదానికి వాడు వెంటనే ఒప్పుకున్నాడు, టీడీఎస్ సంగతి విన్నాక అద్దె నేరుగా రావడానికీ ఒప్పుకున్నాడు, శాతమా ఫిక్స్‌డా అన్నదగ్గర మాత్రం ఇంకా తెగట్లేదు. రెండో ఆయన్ని రిపేర్లకి 5,000, ఖాళీ నెల ఫీజు లేకుండా అని అడిగి చూస్తాం, మొదటాయన్నీ అద్దె నేరుగా అయితే ఎంతకి చేస్తావని అడుగుతాం. సీతమ్మధార సార్, వసూలు విషయంలో మీతో ఏకీభవించలేను గానీ పెచ్చుల గురించి చెప్పి మంచి పని చేశారు, పైన వెనక బాల్కనీకి సరిగ్గా అలాగే ఉందని అమ్మ అంటోంది.

మధురవాడ_టెనెంట్:
అయితే ఆ బాల్కనీ పని టెనెంట్ దిగకముందే చేయించేయండి మేడమ్, పిల్లలు దాని కింద ఆడుకుంటారు. అగ్రిమెంట్‌లో మేనేజర్ నంబరుతో పాటు మీ నంబరూ రాయండి.