టీకాల రోజున మందులు తారుమారు కాకుండా గది సర్దుకోవడం ఎలా?

ప్రశ్న (పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఫార్మసిస్ట్)
మా దగ్గర బుధ, శనివారాల్లో టీకాలు. మందులిచ్చే కిటికీ ఒక్కటే. బీపీ, షుగర్ వాళ్లూ, టీకా వేయించుకున్న పిల్లల తల్లులూ అక్కడే నిలబడతారు. సరఫరా చేసే కంపెనీ మారినప్పుడల్లా స్ట్రిప్పుల రూపం మారిపోతోంది. పారాసిటమాల్‌తో పాటు మరో రెండు మూడు రకాలు ఒకేలా కనిపిస్తున్నాయి. మీటింగుల్లో "జాగ్రత్తగా ఉండండి" అంటారు, అంతే. కొత్త గది, అదనపు స్టాఫ్ దొరకరనుకునే సలహా చెప్పండి.

జవాబు (నర్సింగ్ ట్యూటర్)
మంచి ప్రశ్న అడిగారండీ. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు పారాసిటమాల్ బదులు ట్రమడాల్ (గట్టి నొప్పి మందు) మాత్రలు వెళ్లాయి. పిల్లల్ని నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది, ప్రాణనష్టమూ జరిగింది. రద్దీలో చెయ్యి అలవాటైన చోటికే పోతుంది, కన్ను రంగునే చూస్తుంది. కాబట్టి తప్పు మందు చేతికి అందని ఏర్పాటు కావాలి.

మొదటి పని: టీకా పిల్లల జ్వరం మందును కిటికీ దగ్గర్నుంచి తీసేయండి. టీకా టేబుల్ దగ్గరే ఏఎన్ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) చేతుల మీదుగా ఇవ్వాలి, అదీ సిరప్ మాత్రమే. పసిపిల్లలకు మాత్ర విరిచి ఇవ్వడం అసలు వద్దు. పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్రలో సగమంటే 250 మి.గ్రా., ఆరు కిలోల బిడ్డకు ఒక్కసారికి కావాల్సింది 60 నుంచి 90 (కిలోకు 10–15).

సిరప్‌లోనూ ఒక మెలిక ఉంది. మామూలు సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉంటుంది, డ్రాప్స్ అయితే 1 మి.లీ.లోనే 100. ఆ బిడ్డకు సిరప్ 2.5 మి.లీ. పోస్తే 62.5 మి.గ్రా., సరిపోతుంది. అదే 2.5 మి.లీ. డ్రాప్స్ సీసాలోంచి పోస్తే 250. రెండూ ఒకే కేంద్రంలో ఉంచకండి, ఒక్క రకానికే ఇండెంట్ (సరఫరా కోరే పత్రం) పెట్టండి. డోసు డాక్టరుగారు రాసిందే. తల్లికి నోటితో చెప్పి వదిలేయకుండా మూత కప్పు మీద ఎంతవరకు పోయాలో పెన్నుతో గీత గీసివ్వండి. జ్వరం వస్తేనే పట్టాలని, రెండు డోసుల మధ్య ఆరు గంటలు ఉండాలని చెప్పండి.

జవాబు (మందుల స్టోర్ అనుభవజ్ఞుడు)
ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ (మత్తు మందుల నియంత్రణ) చట్టం కిందికి వచ్చింది. దాన్ని రోజువారీ ర్యాక్‌లో ఉంచడమే తప్పు. ఎదురు గోడకు తాళం బీరువా, వేరే రిజిస్టర్, తాళంచెవి ఒక్కరి దగ్గరే.

స్ట్రిప్ కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచాలి. మిగిలిన ముక్కలు తిరిగి అదే డబ్బాలోకి పోవాలి. ట్రేలో పోగైన ముక్కలే పెద్ద ప్రమాదం, పేరు లేని ముక్క దొరికితే పారేయడమే. అక్షర క్రమంలో సర్దడం కూడా మానండి: మెట్‌ఫార్మిన్, మెట్రోనిడజోల్ పక్కపక్కకు చేరతాయి. షుగర్, బీపీ, జ్వరం, యాంటీబయాటిక్ అని జబ్బును బట్టి అరలు పెట్టుకోండి. కొత్త సరుకు దిగినప్పుడు పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ పక్కపక్కన అంటించిన కాగితం ర్యాక్ మీద రెండు వారాలు ఉంచితే కంటికి అలవాటవుతుంది.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండీ. ఇంకొకటి. మామూలు ఫ్రిజ్ చెడిపోయింది, ఐఎల్ఆర్‌లో (టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్) చోటుంది. కాన్పు సమయంలో వాడే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్లు అందులో పెట్టొచ్చా?

జవాబు (కోల్డ్ చెయిన్ నిర్వాహకురాలు)
వద్దండీ, ఎంత చోటున్నా వద్దు. 2018 జులైలో సమోవాలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా పొడిలో డైల్యూయెంట్ (పొడిని కరిగించే ద్రవం) బదులు కండరాలను స్తంభింపజేసే మందు కలపడంతో ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. 2014లో సిరియాలోనూ మీజిల్స్ (తట్టు) టీకా విషయంలో ఇలాంటి ఘోరమే జరిగింది. ఐఎల్ఆర్‌లో టీకాలు, వాటి డైల్యూయెంట్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఫ్రిజ్ బాగయ్యేదాకా ఆక్సిటోసిన్‌ను వేరే కోల్డ్ బాక్స్‌లో థర్మామీటరు పెట్టి 2–8 డిగ్రీల మధ్య ఉంచండి, మరమ్మతుకు ఈరోజే రాసిపంపండి.

ఎంఆర్ (తట్టు, రుబెల్లా), బీసీజీ (క్షయ) టీకాల పొడిని ద్రవంతో కలిపాక నాలుగు గంటలు లేదా సెషన్ ముగిసే వేళ, ఏది ముందైతే అప్పుడు పారేయాలి. వయల్ (టీకా సీసా) మీద తెరిచిన సమయంతో పాటు పారేయాల్సిన సమయం కూడా రాయించండి: 10:20, 2:20. రద్దీలో లెక్కలు వేసుకునే పని ఏఎన్ఎంకు తప్పుతుంది.

జవాబు (ఎర్గోనామిక్స్, అంటే పనిచోటును మనిషికి అనువుగా అమర్చే ఇంజినీరు)
సర్దడం అయ్యాక పరీక్షించండి. గది తెలియని ఆశా కార్యకర్తకు ఐదు మందుల పేర్లు రాసిచ్చి తీయమనండి. ఆమె తడబడినా, తప్పు డబ్బా మీద చెయ్యి వేసినా లోపం అరదే, ఆమెది కాదు. ఆ లేబుల్ మార్చండి. ఎక్కువగా పోయే మందులు నడుము నుంచి భుజం ఎత్తు మధ్యలో ఉండాలి, లేబుల్ చేయి చాపినంత దూరం నుంచి చదవగలగాలి.

మందులు లెక్కిస్తుండగా ఓపీ చీటీల కోసం, ఫోన్ల కోసం ఎన్నిసార్లు పిలుస్తున్నారో ఒక గంట పాటు గీతలు పెట్టి చూడండి. ఆ కాగితం మెడికల్ ఆఫీసర్‌కు చూపిస్తే, టీకా రోజుల్లో చీటీల పని వేరొకరికి అప్పగించమని అడగడం తేలికవుతుంది.