పాము పెట్టెలోకి ఎర్ర చీమలు: మందు కొట్టకుండా ఆపడం ఎలా?

మూలాపేట_వాసి
నా దగ్గర బాల్ పైథాన్ ఉంది. కేంద్ర ప్రభుత్వపు పరివేష్ వెబ్‌సైట్‌లో నమోదు చేయించాను, కాబట్టి దయచేసి ఆ చర్చ వద్దు. కార్తీకం వానలు పట్టుకున్నప్పటి నుంచి రాత్రిళ్ళు గాజు పెట్టెలోకి ఎర్ర చీమలు బారులు తీరుతున్నాయి. పాము కుబుసం విడిచే దశలో ఉంది. కళ్ళు మబ్బు పట్టాయి, కదలడం లేదు. చుట్టూ ఏమి వాడితే దానికి హాని ఉండదు? ఒంటిమీదికి ఎక్కిన చీమలను ఎలా తీయాలి? అడుగున పరిచిన కొబ్బరి పొట్టు వల్లే ఇవి వస్తున్నాయా? నాకు నిద్ర పట్టడం లేదు, త్వరగా చెప్పండి.

కావలి_పురుగుమందులు
దీనికింత కంగారు ఎందుకు తమ్ముడూ? చీమల సుద్దతో స్టాండు నాలుగు కాళ్ళకూ గీతలు గీయండి. మా నాన్నగారి కాలం నుంచి పురుగుమందుల వ్యాపారంలో ఉన్నాం, ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో నాకు తెలుసు. అందులో ఉండేది సింథటిక్ పైరెథ్రాయిడ్ రకం పురుగుమందు. మనుషులకు, పశువులకు పెద్దగా ప్రమాదం లేదు. గీత పెట్టె బయటే ఉంటుంది కదా.

ఒంగోలు_సరీసృపం
దయచేసి ఆ సలహా పాటించకండి! మా కార్న్ స్నేక్‌ను అలాగే పోగొట్టుకున్నాం. మేము ఊళ్ళో లేనప్పుడు ఇంటి యజమాని చీమల మందు కొట్టేవాళ్ళను పిలిపించాడు. పాము ఉందని మా తమ్ముడు చెప్పినా వాళ్ళు వినలేదు, "ఇది వాసన లేని మందు, ఏమీ కాదు" అన్నారు. మేము వచ్చేసరికి పాము వణుకుతోంది, తల ఒక పక్కకు మెలిపడిపోయింది. వెల్లకిలా పడితే తిరగలేకపోయింది. పైరెథ్రాయిడ్ నరాలకు పట్టే విషం. పశువులకు ప్రమాదం లేదంటే పాములకూ లేదని ఎలా అంటారు? చల్లని రక్తపు జీవి ఒంట్లో ఆ విషం విరగడానికి చాలా సేపు పడుతుంది.

కావలి_పురుగుమందులు
గది నిండా పిచికారీ చేయడం వేరు, కాలిమీద సుద్దగీత వేరు. రెండింటినీ కలిపి మాట్లాడితే ఎలా? మీకు జరిగినదానికి బాధగానే ఉంది. కానీ మోతాదు అన్న మాట ఒకటి ఉంది.

అల్లూరు_రొయ్యల_చెరువు
మోతాదు గురించి నేను చెబుతాను. మీ కొట్లోనే సైపర్‌మెత్రిన్ (అదీ పైరెథ్రాయిడే) కొన్న వాళ్ళను అడగండి, రొయ్యల చెరువు గట్టు మీద దాన్ని కొడతారా అని. గాలికి కొట్టుకొచ్చిన తుంపర చాలు, పంట మొత్తం తేలిపోతుంది. చేపలకూ అంతే. పిల్లులకు కూడా అదే జాతి మందు పర్మెత్రిన్ పడదు. "పశువులకు ఏమీ కాదు" అన్న ఒక్క మాట పట్టుకుని అన్ని ప్రాణులకూ హామీ ఇవ్వకండి. సుద్ద గీత ఎండితే పొడి రాలుతుంది, ఫ్యాను గాలికి లేస్తుంది. పాము పొట్టతో పాకుతుంది, నాలుక బయటికి చాచి గాలిలోని కణాలను నోట్లోకి తీసుకుంటుంది. ఆ పొడి ఎక్కడికి చేరుతుందో ఆలోచించండి.

కావలి_పురుగుమందులు
రొయ్యకూ పాముకూ పోలికా! సరే, మీ ఇష్టం. మంచి చెప్పినా తప్పే అయితే నేను మాట్లాడను.

కందుకూరు_అత్తయ్య
ఇంత గొడవ అక్కర్లేదు నాయనా. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పాల గిన్నెను, నెయ్యి జాడీని నీళ్ళు పోసిన పళ్ళెం మధ్యలో పెట్టేవాళ్ళం. ఒక్క చీమ ఎక్కేది కాదు. నీ స్టాండు నాలుగు కాళ్ళ కింద నాలుగు వెడల్పాటి గిన్నెలు పెట్టి నీళ్ళు పొయ్యి. గోడకు జానెడు ఎడం ఉంచు.

పొదిలి_ఆరోగ్యం
నిలవ నీళ్ళా! వానాకాలంలో ఇంట్లో నాలుగు చోట్ల దోమలు పెంచమంటున్నారా? డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి గిన్నెల్లోనే. ఇంటింటికీ తిరిగి కుండీలు, టైర్లు బోర్లించమని మొత్తుకునేది మేము. చదువుకున్న వాళ్ళు ఇలాంటి సలహాలిస్తుంటే మా కష్టమంతా వృథా.

కందుకూరు_అత్తయ్య
నీళ్ళు మార్చకూడదని నేను అన్నానా అమ్మా? మా ఇంట్లో పూటపూటకూ మార్చేవాళ్ళం. పెద్దవాళ్ళు చెప్పిన ప్రతిదాన్నీ తప్పు పట్టకండి.

అల్లూరు_రొయ్యల_చెరువు
ఇద్దరూ చెప్పింది నిజమే. నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు ద్రావణం వేయండి. నీటి తలతన్యత తగ్గుతుంది, చీమ తేలకుండా మునిగిపోతుంది, దోమ కూడా వాలి బతకలేదు. అయినా వారం దాటకుండా కడిగి మార్చాలి. దుమ్ము తెట్టు కట్టినా, ఒక వెంట్రుక పడినా చీమలకు అదే వంతెన.

గూడూరు_నిమ్మతోట
గిన్నెలు పెట్టాక కూడా చీమలు వస్తే పెట్టెను వెచ్చగా ఉంచే హీటింగ్ మ్యాట్ తీగను చూడండి. అందరూ కాళ్ళు కాపాడుకుంటారు, గోడ నుంచి పెట్టెలోకి వేలాడే తీగను మరిచిపోతారు. థర్మోస్టాట్ తీగ, దీపం తీగ, కర్టెన్ అంచు, ఏది తగిలినా దారే. తీగకు రెండంగుళాల మేర వాసెలిన్ దట్టంగా పూయండి. ఎండాకాలంలో మన దగ్గర అది కరిగి జారుతుంది, కాబట్టి తరచూ చూసుకోవాలి. ఇంకో సంగతి, మీ కిటికీకి జామకొమ్మో మందారమో ఆనుకుని ఉందా? పిండినల్లి పట్టిన చెట్టు మీద తీపి కోసం చీమలు కాపురం పెడతాయి. మా నిమ్మతోటలో రోజూ చూసేదే. కొమ్మ కొట్టేయనంత కాలం ఇంట్లో ఏ ఉపాయమూ నిలవదు.

వేటపాలెం_రోడ్డు
ఎర్ర చీమ కుట్టినచోట వంటసోడా ముద్ద పూయండి. అది ఫార్మిక్ ఆమ్లం, క్షారంతో విరుగుతుంది. పదో తరగతి పాఠమే.

ఒంగోలు_సరీసృపం
పామును సోడాతో రుద్దకండి! మంట పుట్టే ఎర్ర చీమ విషంలో ఎక్కువ భాగం ఆల్కలాయిడ్లు, ఫార్మిక్ ఆమ్లం కాదు. సోడాతో అది విరగదు. కుబుసం దశలో చర్మం మరీ సున్నితం. పామును తీసి, పట్టుకుంటే గోరువెచ్చగా కూడా అనిపించని నీళ్ళలో, లోతు తక్కువగా ఉన్న టబ్బులో ఉంచండి. చీమలు వాటంతటవే విడిపోతాయి. తర్వాత దవడ కింద, మలద్వారం దగ్గర, పై పెదవి మీద వేడిని పసిగట్టే చిన్న గుంటల్లో టార్చితో చూడండి. పాముకు కనురెప్పలు లేవు, కన్ను మీది పొర దగ్గర చీమ కనిపిస్తే గిల్లకండి, తడి దూదితో తుడవండి. వాపు ఉంటే పశువైద్యుడికి చూపించండి.

భక్తి_మార్గం
నాగుల చవితికి పుట్టలో పాలు పోసి మొక్కే ఊళ్ళో నాగదేవతను గాజు పెట్టెలో బంధించడం పాపం. చీమలు రావడం హెచ్చరిక. పాలు పోసి, పుట్ట దగ్గర వదిలిపెట్టండి.

ఒంగోలు_సరీసృపం
మీ భక్తిని నేను తక్కువ చేయడం లేదు. కానీ బాల్ పైథాన్ ఆఫ్రికా పాము, ఇక్కడ వదిలితే అదీ బతకదు, బతికినా మన ప్రాణులకు చేటు. పాలు పాము ఆహారం కాదు. వదిలిపెట్టమన్న సలహా ఎవరూ ఇవ్వకండి.

మార్గదర్శి_కనిగిరి
మా పొలంలో పిల్ల జెర్రిపోతు దొరికింది, దాన్ని పెంచాలంటే కూడా ఇవే జాగ్రత్తలా?

గూడూరు_నిమ్మతోట
మన దేశపు పామును ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈరోజే దొరికిన గట్టు మీద వదిలేయండి. మీ పొలంలో ఎలుకలను తినేది అదే.

కావలి_పురుగుమందులు
మాట్లాడనన్నాను కానీ, ఇది చెప్పకపోతే మనసొప్పదు. సుద్ద వద్దంటే వెలిగారం వాడండి. 100 మిల్లీలీటర్ల చక్కెర పాకంలో 1 గ్రాము, అంతకు మించితే పనిచీమ దారిలోనే చస్తుంది, పుట్టలోకి మోసుకెళ్ళదు. దూదిని ముంచి, మూతకు చిల్లులున్న డబ్బాలో పెట్టి, పాము గదిలో కాకుండా పెరట్లో బారు మొదలయ్యే చోట ఉంచండి. తీపి ముట్టకపోతే పాకం బదులు వేరుశనగ ముద్దలో కలపండి. పిల్లలకు, కుక్కలకు అందకూడదు. ఫలితం కనిపించడానికి ఓపిక పట్టాలి.

ఒంగోలు_సరీసృపం
ఇది మంచి మాట. పెరట్లో అయితే నాకు అభ్యంతరం లేదు. ఫినాయిలు, కర్పూరం, కలరా ఉండలు మాత్రం ఆ గదిలోకి రానివ్వకండి.

మూలాపేట_వాసి
తీగ దారినే వస్తున్నాయి! వాసెలిన్ పూశాను, గిన్నెలు పెట్టాను, పామును వేరే డబ్బాలో ఉంచాను. పొట్టు సంగతి ఎవరూ చెప్పలేదు.

గూడూరు_నిమ్మతోట
పొట్టు కోసం చీమలు రావు. అందులో దాగిన రెట్టకు, తినకుండా వదిలిన ఎలుకకు వస్తాయి. మొత్తం పారబోయండి. కొత్త దిమ్మె మీద మరిగే నీళ్ళు పోసి, చల్లారాక పిండి ఆరబెట్టండి. మిగిలింది బిగుతు మూత డబ్బాలో దాచండి, సంచిలో వదిలేస్తే అందులోనే గుడ్లు పెడతాయి. కుబుసం వదిలేదాకా మేత వేయకండి. పెట్టెలో తేమ 60 శాతం కంటే తగ్గకుండా చూసుకోండి.