వీర్య పరీక్షలో పస్ సెల్స్ ఉన్నాయి, కల్చర్‌లో ఏమీ రాలేదు. ఏం చేయాలి?

ఎదురుచూపు:
రాత్రంతా నెట్‌లో వెతికి తల వాచిపోయింది. వీర్య పరీక్ష రిపోర్టులో పస్ సెల్స్ 15-20 అని ఉంది, కౌంట్ తక్కువ. కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్ష) 'నో గ్రోత్', అంటే ఏమీ పెరగలేదు. అయినా డాక్టర్ యాంటీబయాటిక్స్ రాశారు, కోర్సు పూర్తయింది. మళ్లీ చేయిస్తే పస్ సెల్స్ అలాగే ఉన్నాయి, కౌంట్ ఇంకా పడిపోయింది. ఇన్ఫెక్షన్ లేకపోతే పస్ ఎక్కడిది? ఉంటే కల్చర్‌లో ఎందుకు రాలేదు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నిమ్మచెట్టు:
కౌంట్ ఎంత? రెండు పరీక్షల మధ్య గ్యాప్ ఎంత? ఎన్ని రోజులు కలయిక లేకుండా ఉండి శాంపిల్ ఇచ్చారు? ఇవేవీ రాయలేదు.

సూక్ష్మదర్శిని:
'పస్ సెల్స్' (అంటే తెల్ల రక్తకణాలు) అన్న మాటే సరికాదండి. స్లైడ్ మీద గుండ్రంగా కనబడే కణాలన్నిటినీ చాలా ల్యాబుల్లో అలాగే రాసేస్తారు. వాటిలో ఇంకా పూర్తిగా తయారవని వీర్యకణాలు కూడా ఉంటాయి. ఏవి ఏవో తేలాలంటే పెరాక్సిడేజ్ స్టెయిన్ (తెల్ల రక్తకణాలను రంగుతో గుర్తించే పరీక్ష) చేయాలి. తెల్ల రక్తకణాలు మిల్లీలీటరుకు 10 లక్షలు దాటితేనే ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండానే మందులు వాడిస్తుంటే నాకు చాలా బాధేస్తుంది.

పాతకాపు:
అందరూ మర్చిపోయేది గవదబిళ్లలు. టీకా వేయించుకోని మగవారికి యుక్తవయసు దాటాక అవి వస్తే, 15 నుంచి 30 శాతం మందికి వృషణాలు వాస్తాయి. ఎక్కువగా ఒక వైపే వస్తుంది కాబట్టి పూర్తిగా సంతానం కలగకపోవడం అరుదు. కానీ వాచిన వృషణం తర్వాత కుంచించుకుపోవచ్చు. పిల్లలకు ఎంఎంఆర్ టీకా తప్పక వేయించండి.

నిమ్మచెట్టు:
ఆయన అడిగింది టీకా గురించి కాదు.

దారిదీపం:
పస్ సెల్స్ అన్నా రౌండ్ సెల్స్ అన్నా పేషెంటుకు ఒరిగేదేముంది? ఈ వాదన ఇప్పుడు అవసరమా?

సూక్ష్మదర్శిని:
అవసరమే. అవి తయారుకాని కణాలైతే యాంటీబయాటిక్‌తో పనే లేదు.

ఎదురుచూపు:
మొదటిసారి కౌంట్ 90 లక్షలు, తర్వాత 40 లక్షలు. మధ్యలో నెలన్నర గ్యాప్. ఆ మధ్యలో బాగా జ్వరం వచ్చి తగ్గింది. పోయిన ఏడాది ఎడమ వృషణం వాచి నొప్పి పుట్టింది, నొప్పి మాత్రలతో పోయింది. అది పాత సంగతి కదా అని రాయలేదు. మా ఆవిడకు మందులేమీ ఇవ్వలేదు.

దారిదీపం:
అసలు విషయం ఇదండీ. ఆ వాపు ఎపిడిడిమిస్ (వృషణం వెనక ఉండే, వీర్యకణాలు వెళ్లే గొట్టం) ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. 35 ఏళ్లలోపు వారిలో దానికి తరచుగా కలయిక ద్వారా అంటుకునే క్లమీడియా, గనేరియా క్రిములు కారణం. క్లమీడియా కణాల లోపల బతుకుతుంది, మామూలు కల్చర్‌లో పెరగదు. మూత్రం మొదటి ధారతో పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) చేయిస్తే తెలుస్తుంది. పాజిటివ్ వస్తే మీ ఆవిడకూ చికిత్స చేయాలి, లేదంటే అది మళ్లీ మీకు అంటుకుంటుంది. స్క్రోటల్ అల్ట్రాసౌండ్ (వృషణాల స్కాన్) కూడా చేయించండి. వాపు తగ్గినా లోపల మచ్చ మిగిలి గొట్టం మూసుకుపోవచ్చు. ఒక వైపు మూసుకుంటే కౌంట్ తగ్గుతుంది, రెండు వైపులా అయితే వృషణాలు పనిచేస్తున్నా కౌంట్ సున్నా వస్తుంది.

నిమ్మచెట్టు:
రెండో రిపోర్టు చూసి బెంబేలెత్తకండి. వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, బయటికి రావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. జ్వరం ప్రభావం మూడు నెలల దాకా కనబడవచ్చు. ఆ తర్వాత మళ్లీ చేయించండి, 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండి. 2021 డబ్ల్యూహెచ్ఓ ప్రమాణంలో కింది హద్దు మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షలు. అంతకంటే తక్కువ ఉన్నా గర్భం రావచ్చు.

పాతకాపు:
అయినా గవదబిళ్లలు ఎప్పుడైనా వచ్చాయేమో కనుక్కోండి.

సూక్ష్మదర్శిని:
పెరాక్సిడేజ్ స్టెయిన్ అన్ని చోట్లా చేయరు, ముందే ఫోన్ చేసి అడగండి. శాంపిల్ ఇచ్చాక గంటలోపే పరీక్ష మొదలవ్వాలి.

ఎదురుచూపు:
స్కాన్‌కు రాయించుకున్నాను. పీసీఆర్ గురించి డాక్టర్‌ని అడుగుతాను. థాంక్స్ అండి.