శ్రుతి మించి రాగాన పడితే తప్పేమిటి?

కొత్త చిగురు:
క్రికెట్ మ్యాచ్‌లో బౌలరు, బ్యాటరు మాటామాటా అనుకుంటుంటే తెలుగు వ్యాఖ్యానంలో "వ్యవహారం శ్రుతి మించి రాగాన పడుతోంది" అంటుంటారు. నావి రెండు సందేహాలు. శృతి రాయాలా, శ్రుతి రాయాలా? ఇక రెండోది: పాడేవాడు రాగాన పడటం మంచిదే కదా! రాగంలో కాకపోతే ఎక్కడ పడాలి? తిట్టుకి దగ్గరగా ఉండే ఈ మాటలో రాగం ఎందుకొచ్చింది?

గణయతి:
మొదటిది తేలిక. శ్రుతి. వినడం అనే అర్థమున్న 'శ్రు' ధాతువు నుంచి వచ్చింది. శ్రవణం, శ్రోత, విశ్రుతం, బహుశ్రుతుడు అన్నీ ఆ ఇంటి పిల్లలే. వట్రసుడితో రాయాల్సినవి శృంగారం, శృంఖల, శృంగం లాంటివి. మనం ఋకారాన్ని 'రు' అనే పలుకుతాం కాబట్టి చెవికి తేడా తెలియదు, చెయ్యి తప్పుతుంది.

'పలకడం ఒకటే అయినప్పుడు ఏం రాస్తే ఏం' అనేవారికి రెండు చిక్కులు చెప్తాను. పద్యంలో సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది. 'అపశ్రుతి'లో 'శ్రు' సంయుక్తం కనుక 'ప' గురువు, వరస లఘువు, గురువు, లఘువు, లఘువు. 'అపశృతి' అని అచ్చేశారా, వట్రసుడి గుణింతమే తప్ప సంయుక్తం కాదు, నాలుగూ లఘువులైపోతాయి. ఒక్క అచ్చుతప్పుతో గణం కూలుతుంది. రెండోది కంప్యూటర్ చిక్కు. యూనికోడ్‌లో 'శ్రు' అంటే శ, పొల్లు, ర, కొమ్ము కలిసి నాలుగు సంకేతాలు. 'శృ' అంటే శ, వట్రసుడి, రెండే. ఒకటి వెతికితే రెండోది దొరకదు. పాత వ్యాసాల్లో ఈ పదం వెతికేవారు రెండు రూపాలూ కొట్టి చూడాలి. మనుషుల పేర్ల జోలికి మాత్రం పోవద్దు, శృతి అని పెట్టుకున్నవాళ్లు శృతిగానే ఉంటారు.

హార్మోనియం పెట్టె:
రెండో సందేహానికి నా సమాధానం పద్యనాటకంలో ఉంది. పద్యం చివరి పాదం అయిపోయాక నటుడు రాగం అందుకుంటాడు. మాటలుండవు, 'ఆ' అంటూ సాగదీయడమే. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటికి. అంతసేపూ కథ నడవదు, ఎదుటి పాత్రధారి కిరీటం సర్దుకుంటూ నిలబడాల్సిందే. విషయం పక్కకి పోయి ఆర్భాటం మిగలడమే రాగాన పడటం అని నేను అనుకుంటాను.

శ్రుతి సంగతి కూడా. హార్మోనియం మీద శ్రుతికి, అంటే పాటకి ఆధారమైన స్వరానికి, అంకెలతో పేర్లు. తెల్లమెట్లు ఒకటి నుంచి ఏడు, నల్లమెట్లు అరలు. పాశ్చాత్యుల సి మన ఒకటి, సి షార్ప్ ఒకటిన్నర, డి రెండు, డి షార్ప్ రెండున్నర, ఇ మూడు, ఎఫ్ నాలుగు. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు గనక మూడున్నర శ్రుతి లేదు. ఏడు తర్వాత మళ్లీ పైస్థాయి ఒకటే, అక్కడా అర లేదు. ఏడున్నర ఉన్నది ఏలినాటి శనికి మాత్రమే. కచేరీల్లో మగగొంతుకి ఒకటికి అటూఇటూ, ఆడగొంతుకి ఐదుకి అటూఇటూ మామూలు. కరవోకె యాప్‌లో 'ఒక మెట్టు పెంచు' అంటే పెరిగేది అర శ్రుతి. మూడులో ఉన్న పాటని ఒక మెట్టు పెంచితే మాత్రం నేరుగా నాలుగే. ఈ లెక్క తెలియక రెండు మెట్లు పెంచి, చరణంలో తారస్థాయికి వెళ్లేసరికి గొంతు చీరుకుపోయేవాళ్లు బోలెడుమంది.

బిరడా:
హార్మోనియం గారి నాటకం బాగుంది గానీ, తంబురా పక్కన కూర్చున్నవాళ్ల భాషలో 'శ్రుతి మించడం' అనే మాటే వినపడదు. తీగ స్థాయి పెరిగితే శ్రుతి హెచ్చింది లేదా ఎక్కింది అంటారు. పడిపోతే తగ్గింది, దిగింది. మొత్తానికి కలవకపోతే శ్రుతి చేరలేదు. మించడం అంటే హద్దు దాటడం, మితిమించడంలో ఉన్న మించడం. ఈ పలుకుబడి సంగీతం ఇంట్లో పుట్టింది కాదు, ఆ ఇంటి వస్తువులు ఎరువు తెచ్చుకుందంతే.

అసలు శ్రుతి ఎలా హెచ్చుతుందో, ఎలా తగ్గుతుందో దగ్గర్నుంచి చూస్తే మాటకి బరువు తెలుస్తుంది. కర్ణాటక తంబురాకి నాలుగు తీగలు, మీటే వరసలో పంచమం ('ప'), సారణి, అనుసారణి (రెండూ ఒకే 'స'), మంద్రం (కింది 'స'). పంచమాన్ని మధ్యవేలితో, మిగతా మూడింటినీ చూపుడువేలితో మీటుతారు. మీటుకి పాట తాళంతో పని లేదు. ఒకటి శ్రుతిలో మగగొంతుకైతే సారణి సుమారు 130.8 హెర్ట్జ్, పంచమం దాని కింద 98.1, మంద్రం సగానికి 65.4.

మేళవించేటప్పుడు వరస వేరు. ముందు జీవా దారాలు, అంటే తీగల కింద పెట్టే పోగులు, నాలుగూ మేరువు (మెడ పైకొసన తీగలు ఆనే కట్ట) వైపు జరిపేసి, సారణిని శ్రుతిపెట్టెతో కలపాలి. తర్వాత అనుసారణిని సారణితో. రెండు తీగలూ ఒకదాని వెంట ఒకటి మీటి వినండి. నాదం వూఁ... వూఁ... అని అలలాగా లేచి పడుతుంటే ఇంకా తేడా ఉన్నట్టే. సెకనుకి ఒక అల వస్తే తేడా ఒక హెర్ట్జ్. బిరడా, అంటే తీగ బిగించే చీల, తిప్పేకొద్దీ అల నెమ్మదించాలి, చివరికి ఆగిపోవాలి. త్వరపడితే అటువైపుకి దాటిపోయారన్నమాట. ఎప్పుడూ కొంచెం దించి, కింది నుంచి పైకి తెస్తూ కలపాలి. పై నుంచి దించి ఆపితే బిరడాలో మిగిలిన వదులు పది నిమిషాల్లో తీగని ఇంకా కిందికి లాగుతుంది. తర్వాత పంచమం, ఆఖరున మంద్రం.

బిరడాతో దగ్గరికి తెచ్చాక మిగిలిన వెంట్రుకవాసి తేడాని తీగలకి గుచ్చిన పూసలతో సరిచేయాలి. పూసని గుర్రానికి (తంబురా బుర్ర మీద తీగలు ఆనే వంతెనకి) దూరంగా, తీగ కట్టిన కొస వైపు నెడితే శ్రుతి ఎక్కుతుంది. గుర్రం వైపు తెస్తే దిగుతుంది. అప్పుడు జీవా దారం. గుర్రం పైభాగం కొంచెం వంపుగా ఉంటుంది. నూలుపోగో పట్టుపోగో తీగ కింద పెట్టి కొద్దికొద్దిగా జరుపుతుంటే, ఒకచోట తీగ ఆ వంపుని తాకీ తాకకుండా మోగి నాదం ఝుమ్మని విచ్చుకుంటుంది. ఒక పోగు వెడల్పు దాటిందా, మళ్లీ మొద్దుబారిన చప్పుడే. దారం పెట్టాక తీగ కాస్త మారుతుంది కాబట్టి పూసలు ఇంకోసారి చూసుకోవాలి. అన్నీ కుదిరిన తంబురాలో మంద్రం తీగ నుంచి ఎవరూ మీటని గాంధారం ('గ' స్వరం) వినిపిస్తుంది. దాన్ని స్వయంభూ గాంధారం అంటారు, ఆ తీగ అయిదో అనుస్వరం, అంటే దాని అసలు కంపనానికి అయిదు రెట్ల వేగంతో మోగే స్వరం, అది. హార్మోనియం మెట్టు మీది గాంధారం దీనికంటే సుమారు 14 సెంట్లు ఎక్కువ (సెంటు అంటే అర శ్రుతిలో నూరోవంతు). రెండూ పక్కపక్కన మోగితే చెవి చిరాకు పడేది అందుకే.

ఇంత చేసినా నిలవదు. వేదిక మీద దీపాల వేడికి ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది. ఏసీ గాలి తగిలితే తీగ కుదించుకుని ఎక్కుతుంది. వానాకాలం బిరడాలు ఉబ్బి తిరగవు, ఎండాకాలం జారిపోతాయి. జారితే సుద్దముక్క, పట్టేస్తే సబ్బు, తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పడం. మృదంగం కుడివైపూ అంతే. రాయితో అంచు అల్లికని పై నుంచి కొడితే ఎక్కుతుంది, కింది నుంచి కొడితే దిగుతుంది. కచేరీ మధ్యలో టక్‌టక్‌మని వినపడేది అదే.

కొత్త చిగురు:
అంటే సంగీతంలో శ్రుతి హెచ్చితే దించుకోవచ్చు, ఈ మాటలో మాత్రం వెనక్కి రాలేం. అంతేనా?

పాకశాల:
సరిగ్గా అక్కడే ఉంది కీలకం. దీని తోబుట్టువుని ఎవరూ తలుచుకోలేదేం? "ముదిరి పాకాన పడింది." వాక్యం అచ్చు ఒకటే: ఒకటి జరిగి, ఇంకోదాన పడింది. అరిసెల పాకం పట్టినవారికి ఇది విప్పి చెప్పక్కర్లేదు. బెల్లం కరిగి పొంగేదాకా లేత పాకం. తర్వాత వేళ్ల మధ్య తీగ సాగుతుంది. ఇంకాసేపటికి నీళ్లున్న పళ్లెంలో చుక్క వేస్తే చెదరకుండా మెత్తని ఉండ అవుతుంది, అరిసెలకి అదే కావాలి. ఆ ఉండని పళ్లేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టే, ఆ పాకంతో అరిసె రాయవుతుంది. లేతకీ ముదురుకీ మధ్య ఉన్నది ఒకటి రెండు నిమిషాలు.

ఇక '-న పడు' సంగతి. గాడిన పడ్డాడు అంటే మంచి, వీధిన పడ్డాడు అంటే చెడు, దారిన పడ్డాడు అంటే ఏదీ కాదు. పడటంలో తిట్టు లేదు. ఒక స్థితి దాటి ఇంకో స్థితిలోకి వెళ్లడమే దాని పని. అందుకని రాగాన పడటమూ స్వతహాగా చెడ్డది కాదు. ముందున్న 'మించి' దానికి రంగు పూస్తోంది.

గణయతి:
పాకం పోలిక ఒప్పుకుంటాను. ఒక్కటి చేరుస్తాను. వాడుకలో రాగానికి ఏడుపు అని కూడా అర్థం. పిల్లాడు "రాగం అందుకున్నాడు" అంటే త్యాగరాజ కృతి అందుకున్నాడని ఎవరూ అనుకోరు. "రాగాలు తీయకు, సంగతి చెప్పు" అన్నదీ ఆ తీరే. పరాచికం హద్దు దాటితే ఎవరో ఒకరు ఏడవాల్సిందే గదా. పలుకుబడి అక్కడ పుట్టిందని రుజువు చూపలేను గానీ, వినేవాడి మనసులో ఈ అర్థం కూడా మెదులుతుంది. వేళాకోళాలకి, సరసాలకి ఈ మాట అంత బాగా అతుక్కోవడం అందుకేనేమో. ధరలు పెరిగితే, వాన ముదిరితే 'శ్రుతి మించి రాగాన పడింది' అనం కదా.

హార్మోనియం పెట్టె:
ఏడుపు రాగం ముందు నా పద్యం రాగం ఓడిందని ఒప్పుకోను గానీ, వాన ఉదాహరణ గట్టిదే. మనుషుల మధ్య నడిచేదానికే ఈ మాట.

డెస్క్ పెన్ను:
దీని చుట్టం ఇంకోటి పత్రికల్లో నానా పాట్లు పడుతోంది. "జాతరలో అపశ్రుతి", "పెళ్లివేడుకలో అపశ్రుతి". కింద చదివితే ఇద్దరు చనిపోయి ఉంటారు. పొట్టి మాట, రెండు కాలమ్‌ల శీర్షికలో ఇమిడిపోతుంది, అందుకే వదలరు. సభలో మైకు మొరాయిస్తేనో, వక్త పేరు తప్పు చదివితేనో అపశ్రుతి అనండి, అతుకుతుంది. ప్రాణం పోయినచోట అది మరీ తేలిక. విషాదం అంటే అదీ పొట్టి మాటే, ఇంకో అక్షరం తక్కువ కూడా.

బిరడా:
వీణవాళ్ల మాట ఇంకొకటి కూడా చేయి జారింది. మేళవించడం అంటే తీగలు శ్రుతి చేయడం. ఇప్పుడు 'సంప్రదాయ, ఆధునికతల మేళవింపు' అంటూ చీరల ప్రకటనల్లో తేలింది. కలపడం అనే అర్థమూ దానికి పాతదే కాబట్టి తప్పనలేను. బిరడా సంగతి మరీ ఘోరం, సీసా మూత అంటే తప్ప తెలియడం లేదు.

కొత్త చిగురు:
అందరికీ ధన్యవాదాలండీ. అయితే "ఆఖరి ఓవర్లలో సిక్సర్ల మోత శ్రుతి మించి రాగాన పడింది" అనొచ్చా?

పాకశాల:
అనకూడదండీ. ఓవర్‌కి ఆరు కొట్టినా అది ఆటే, హద్దు దాటింది బంతి మాత్రమే. చూపులు చూసుకుంటుంటే కవ్వింపు అనండి, మాటలు మొదలైతే శ్రుతి మించుతోంది అనండి. అంపైర్ స్క్వేర్ లెగ్ నుంచి నడుచుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు చూడండి, అప్పుడు రాగాన పడింది.