‘ఆడ కణం’ అంటే మీకేం తోస్తోంది?

ఒక ఆరోగ్య వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆడవాళ్ళ ఒంట్లోంచి తీసిన కణాలూ మగవాళ్ళ ఒంట్లోంచి తీసినవీ ఒకేలా కదులుతాయా అన్నది విషయం. ‘ఆడ కణాల వలస, మగ కణాల వలస’ అని రాసి మా అక్కకు చూపిస్తే, ‘‘అండం, వీర్యకణం గురించా?’’ అంది. స్త్రీ కణం, పురుష కణం అన్నా అదే తంటా. ఏం రాయమంటారు?

↳ మీ అక్కగారి తప్పేం లేదు. బళ్ళో స్త్రీ బీజకణం, పురుష బీజకణం అని బట్టీ పట్టినవాళ్ళం కదా. పైగా ఆ అర్థంలో మీ వాక్యమే తప్పవుతుంది. అండం తనంతట తాను కదలదు, అండవాహిక లోపలి సన్నని వెంట్రుకల్లాంటి శైలికలు దాన్ని నెట్టుకుపోతాయి. ఈదేది వీర్యకణమే. మీరు చెప్పేది చర్మం, రక్తనాళాల్లాంటి వాటి కణాలు కాబట్టి ‘ఆడవారి కణాలు’ అనండి. ఒక్క ‘వారి’తో చిక్కు తీరుతుంది.

↳ నా పేచీ ‘వలస’తో. పాలమూరు నుంచి బొంబాయి పోవడం వలస. ఉన్నచోటు విడిచి ఇంకోచోట బతకడం. గాయం అంచున చర్మకణం చేసేది అది కాదు. ముందుకు పొర చాచి, పట్టు దొరికాక వెనక భాగాన్ని లాక్కుంటుంది. దాన్ని పాకడం అంటే చాలదూ?

నిజంగా వలస అనదగ్గది పిండంలో ఉంది. ముక్కు దగ్గర పుట్టిన కొన్ని నాడీకణాలు మెదడులోని హైపోథాలమస్ దాకా వెళ్ళి అక్కడే స్థిరపడతాయి. యుక్తవయసు రావాలంటే అవి అక్కడికి చేరాలి. దారిలో ఆగిపోతే ఆ వయసు మార్పులు రావు, వాసనా తెలియదు. 1944లో ఈ జబ్బును వివరించిన కాల్‌మన్ పేరే దానికి పెట్టారు. దీనికి కారణమయ్యే జన్యువుల్లో ఒకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడపిల్లకు ఒక ఎక్స్ చెడినా రెండోది ఆదుకుంటుంది, మగపిల్లాడికి ఉన్నదే ఒక్కటి. ఈ జబ్బు మగపిల్లల్లోనే ఎక్కువ.

↳ మధ్యలో నా గోల: మగవాడు ‘పాకాడు’, వాడి కణం మాత్రం ‘పాకింది’. క్రియ దగ్గర కణాలన్నీ ఆడవే!

↳ అందరికీ దండాలు. శీర్షిక మార్చాను: ‘ఆడవారి కణాలు, మగవారి కణాలు – నడకలో తేడా’.

↳ నడకా? కాళ్ళేవండీ?

↳ అమీబాకు మిథ్యాపాదాలు ఒప్పుకున్నాం కదా మాస్టారూ!