ఇరిడియం స్పార్క్ ప్లగ్‌లు వేయించాలా, మామూలు నికెల్‌వి సరిపోతాయా?

అందరికీ నమస్కారం. నా పెట్రోల్ కారు 82 వేల కిలోమీటర్లు తిరిగింది. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు వణుకుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. నిన్న ప్లగ్‌లు నేనే విప్పి చూశాను. మూడింటి మొనలు లేత గోధుమరంగులో బాగానే ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం నల్లగా, వేలికి మసి అంటేలా ఉంది. గ్యాప్ (స్పార్క్ దూకే సందు) కొలిస్తే అన్నింటికీ 1.3 మిల్లీమీటర్ల దాకా వచ్చింది. మాన్యువల్‌లో ఉన్నది 1.1.

ఇప్పుడున్నవి నికెల్‌వి. మెకానిక్ ఇరిడియం వేయించమంటున్నాడు. మన్నిక ఎక్కువని ఒప్పుకుంటాను. కానీ మైలేజీ, పికప్ కూడా పెరుగుతాయంటే నమ్మబుద్ధి కావట్లేదు. వాడినవాళ్లకి నిజంగా తేడా తెలిసిందా?

అసలు తికమక హీట్ రేంజ్‌తో, అంటే ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పే అంకెతో. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), బాష్ కంపెనీవాటిలో దానికి సరిగ్గా ఉల్టా! నా దాంట్లో ఉన్నది ఎన్‌జీకే 6. షాపతను 7 చేతిలో పెట్టి "ఏం కాదు, తీసుకోండి" అన్నాడు. నేను తీసుకోలేదు. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి ఇంకా చల్లని ప్లగ్ వేస్తే మసి ఎక్కువవుతుందని నా భయం. కరెక్టేనా?

ఇంకొకటి. ఒక్క ప్లగ్‌కే మసి పట్టిందంటే తప్పు ప్లగ్‌దా, దానికి కరెంటిచ్చే కాయిల్‌దా, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌దా? ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి చూద్దామనుకుంటున్నాను. కొత్తవి కొనేముందే ఆ పని చేయమంటారా?