ఎసైక్లోవిర్ వాడినా సర్పి వైరస్ నరంలోంచి ఎందుకు పోదు?

కోనసీమ బయాలజీ (అమలాపురం):
ఇంటర్ పిల్లలు అడిగే ప్రశ్నే అడుగుతున్నానండి. ఆటలమ్మ పోసి తగ్గిన నలభై ఏళ్లకి అదే వైరస్ సర్పిగా లేస్తుంది. పెదవి మీద జ్వరపు పొక్కు కూడా చాలామందికి మళ్లీ మళ్లీ అదే చోట వస్తుంది. అన్నేళ్లు నరాల కణంలో ఎలా మిగులుతుంది? మన క్రోమోజోములో అతుక్కుంటుందా? సర్పి నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడంటారు, ఆ మాటకి ఆధారం ఉందా?

గాజుపురుగు:
అతుక్కోదండి. అది ఎయిడ్స్ వైరస్ పద్ధతి. సర్పి వైరస్, పొక్కు వైరస్ వేర్వేరైనా ఒకే కుటుంబం, పొక్కుదాన్నే ఉదాహరణగా చెప్తాను. జ్వరపు పొక్కు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ డీఎన్‌ఏ సుమారు 1,52,000 బేస్ జతల పోగు. కణ కేంద్రకంలోకి చేరాక రెండు కొసలూ కలిసి గాజులా గుండ్రమై, మన క్రోమోజోముల పక్కన విడిగా ఉండిపోతుంది. న్యూరాన్ (నరాల కణం) విభజన చెందదు కాబట్టి గాజు జారిపోయే సందర్భమే రాదు.

అసలు కథ దారిలో ఉంది. పెదవి చర్మంలో పెరిగిన వైరస్ నరం కొసలోకి దూరి పైపొర వదిలేస్తుంది. లోపలి గుల్ల డైనీన్ అనే మోటారు ప్రోటీన్‌ని పట్టుకుని వెనక్కి, పుర్రె అడుగున ఉన్న ట్రైజెమినల్ గాంగ్లియన్ (నరాల కణాల ముడి) దాకా పోతుంది. వైరస్ జన్యువులను లేపాల్సిన వీపీ16 ప్రోటీన్ ఆ పొడుగు దారిలో వెనకబడుతుంది. దానికి జోడీ అయిన మన కణపు ప్రోటీన్ హెచ్‌సీఎఫ్1 న్యూరాన్‌లో ఎక్కువగా కేంద్రకం బయటే ఉంటుంది. ఈలోగా డీఎన్ఏని చుట్టిపెట్టే మన హిస్టోన్ ప్రోటీన్లు గాజుని చుట్టేసి, మిథైల్ గుర్తులతో జన్యువులకి మూత పెడతాయి. పెద్ద ఎత్తున తయారయ్యేది లాట్ అనే ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే. 1987లో దాన్ని గుర్తించారు. వైరస్ ప్రోటీన్లు లేనప్పుడు టీ కణాలకి (మన రోగనిరోధక కణాలకి) పట్టుకోడానికి ఏమీ దొరకదు.

ఊదగింజ (భీమవరం):
చేలో ఊద మొలిచాక కొట్టే మందు మొలకని మాడుస్తుంది, మట్టిలో గింజని ముట్టుకోదు. ఎసైక్లోవిర్ కూడా అంతేనండి. మందు పనిలోకి దిగాలంటే దానికి ఫాస్ఫేట్ తగలాలి, మొదటిది తగిలించేది వైరస్ సొంత ఎంజైమ్ థైమిడిన్ కైనేజ్. ఆ తర్వాత కొత్త డీఎన్‌ఏ అల్లుతుంటేనే మందు అందులో దూరి గొలుసు తెంపుతుంది. వైరస్ నరంలో నిద్రపోతున్నప్పుడు ఈ రెండూ ఉండవు.

ఎక్కువమంది తప్పేది మోతాదులో. సర్పి వైరస్ ఈ మందుకి పొక్కు వైరస్ అంత తేలిగ్గా లొంగదు. 200 మి.గ్రా. బిళ్ల పొక్కుకి సరిపోతుంది, సర్పికి చాలదు. పెద్దవాళ్లకి 800 మి.గ్రా. రోజుకి 5 సార్లు, 7 రోజులు. లేదా వాలసైక్లోవిర్ 1 గ్రాము 3 సార్లు, 7 రోజులు. దద్దు కనబడ్డ 72 గంటల్లో మొదలవ్వాలి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాల్సిందే, లేకపోతే మందు ఒంట్లో పేరుకుని మనిషి తికమకపడతాడు. మోతాదు డాక్టరే రాయాలి. పైపూత క్రీము సర్పికి దండగ.

వెన్నుపూస:
గాజుపురుగు గారి మాటకి చిన్న సవరణ. టీ కణాలకి వైరస్ పూర్తిగా కనబడదనడం సరికాదు. సీడీ8 టీ కణాలు గాంగ్లియన్‌లో ఆ న్యూరాన్ల చుట్టూ కాపు కాస్తాయి. వైరస్ కదిలితే గ్రాంజైమ్ బి అనే ఎంజైమ్ వదిలి, న్యూరాన్‌ని చంపకుండానే ఐసీపీ4 అనే వైరస్ ప్రోటీన్‌ని తుంచేస్తాయని ఎలుకల్లో చూపించారు. వయసుతో ఆ కాపు పలచబడటమే సర్పికి అసలు కారణం. జ్వరపు పొక్కుకి అంత అవసరం లేదు, రోహిణీ కార్తె ఎండలో ఒక పూట తిరిగినా చాలు.

తలా తోకా విషయం: వెన్నుకి కుడివైపు, ఎడమవైపు వేర్వేరు గాంగ్లియన్లు. లేచేది సాధారణంగా ఒకదాంట్లోనే, అందుకే పట్టీ వీపు నుంచి మొదలై కడుపు నడిమి గీత దగ్గర ఆగుతుంది. రెండువైపులా వచ్చిందంటే రోగనిరోధక శక్తి బాగా పడిపోయి ఉండొచ్చు. పెద్దల భయం మొత్తం కల్లేమీ కాదు, ఆయ్. కానీ చుట్టడం వల్ల ఎవరూ పోరు, దాని వెనకున్న జబ్బు చూడాలి.

ముక్కు కొన మీద పొక్కు కనబడితే అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, కంటికి పోయే నరం అదే. జేగురు, ఆకు పసరు పూస్తే పుండు చీము పట్టొచ్చు. పొక్కుల నీరు తగిలితే, ఆటలమ్మ రానివాళ్లకి ఆటలమ్మే వస్తుంది, సర్పి రాదు. గర్భిణులు, పసిపిల్లలు దూరంగా ఉండాలి.

కోనసీమ బయాలజీ:
అయితే రక్తపరీక్షలో నిద్రపోతున్న వైరస్ తెలుస్తుందా అండి?

గాజుపురుగు:
ఐజీజీ (వైరస్ మీద తయారైన యాంటీబాడీ) పాజిటివ్ అంటే ఎప్పుడో సోకిందనే అర్థం, లేస్తుందో లేదో చెప్పదు. గాజు గాంగ్లియన్‌లో ఉంటుంది, సూదితో తీసే రక్తంలో కాదు. 50 దాటినవాళ్లకి సర్పి రాకుండా షింగ్రిక్స్ టీకా ఉంది, 2 నుంచి 6 నెలల ఎడంతో రెండు డోసులు. అదీ గాజుని తీయదు, కాపలాని పెంచుతుందంతే.